ఎర్ర చుక్కలు ముప్పై ఒకటి

రోజు 1

పొద్దున ఏడింటికి కాపరుల సంఘం జీపు నన్ను సోలార్ పలకల బీడు మొదట్లో దించి వెళ్ళింది. సామాను: ఫారాలు నలభై, పెన్సిళ్ళు ఆరు, నమూనా గంట ఒకటి, రాగిపిండి, చెనక్కాయల పొడి, రెండు జతల బట్టలు.

సర్వే ఎందుకో సంఘం ఆఫీసులో ఖాదర్ సారు చెప్పినట్టే రాసుకుంటున్నాను. గొర్రెల మెడగంటల్లో నడిచే 'మంద' అనే ప్రోగ్రాం ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా తెరిచి చూడవచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. కాపరులు పదేళ్ళుగా మార్చుకుంటూనే ఉన్నారు. ఎవరు ఏం మార్చారో, ఎందుకు మార్చారో సంఘానికి తెలియదు. ఇరవై నాలుగో రోజున ఆ ప్రోగ్రాం తొమ్మిదో కూర్పు అన్ని గంటల్లోకీ వస్తుంది. ఆలోపు నేను అడిగి తెలుసుకున్న మంచి మార్పులు అందులో కలుస్తాయి. మిగిలినవి చెరిగిపోతాయి.

బీడులో ముప్పై నాలుగు మందలు. ఫారంలో తొమ్మిది ప్రశ్నలు. మొదటి ప్రశ్నకు ముందు అందరికీ ఒక వాక్యం చదివి వినిపించాలి: "మీరు చెప్పింది మీ పేరుతో ఎవరికీ చెప్పం."

సంఘం తొట్టిలో నీళ్ళు అంచుకు మూర కిందికి దిగి ఉన్నాయి. బోరు రోజుకు రెండు గంటలు పోస్తోంది.

రోజు 2

ఆరు మందలు చూశాను. మార్పులు:

ఒకరు కుంటే గొర్రె గంట వేరే శబ్దంతో మోగేలా చేసుకున్నారు. ఇది కలపదగ్గది. ఒకామె గొర్రెలను మళ్ళించే శబ్దం తీసేసి, చనిపోయిన తండ్రి వేసే ఈలను పెట్టుకుంది. ఈల ఎక్కడిదని అడిగితే పాత ఫోనులో దొరికిందని చెప్పింది. అంతకుమించి అడగలేదు. ఒకాయన పశువుల డాక్టరు వచ్చినప్పుడు గొర్రెల జ్వరం ఒక డిగ్రీ తక్కువ చూపేలా మార్చాడు. ఎందుకు అన్న గడిలో ఏం రాయమంటావని అడిగాను. "ఆయప్ప సూది ఏస్తే మూడు దినాలు మేయవు. అట్లనే రాసుకో" అన్నాడు. అట్లాగే రాసుకున్నాను.

ఫారం వేసినవాళ్ళు ఈ గడి చిన్నదిగా పెట్టారు. జవాబులన్నీ అక్కడే ఉన్నాయి.

రోజు 3

తిమ్మక్క మంద. అరవై దాటిన మనిషి. నేను వెళ్ళేసరికి గొర్రెల తోకల్లో పల్లేరుకాయలు ఏరుతోంది. నన్ను కూడా కూర్చోబెట్టి ఒక గొర్రెను ఒడిలోకి తోసింది. ఏరుతూనే అడిగాను.

"ఏం మార్చినావవ్వా ఇందులో?"

"ఒక్కటే పాపా. ఆ ఎర్రది."

నా ఫోనులో పటం తెరిచి చూపించాను. బీడు నిండా పలకల వరసలు, వాటి మీద ఎర్ర చుక్కలు. వేలితో ఒక చుక్కను తాకింది. నలభయ్యో వరస దగ్గర.

మూడేళ్ళ కిందట వాన పడ్డ మరునాడు అక్కడ పలకల కింద తీగ తొడుగు ఊడి ఉంది. పందొమ్మిది గొర్రెలు కరెంటు తగిలి పడిపోయాయి. లాగబోయిన ఆమె భర్త లింగప్ప కూడా చనిపోయాడు. ఆ వారమే మేనల్లుడి చేత ప్రోగ్రాంలో కొత్త ముక్క రాయించింది. చుక్క పెట్టిన చోటికి నూరు బారల దూరంలోకి వస్తే గంట గొర్రె చెవిలో కీచుమంటుంది. గొర్రె వెనక్కి తిరుగుతుంది. రెండు మందలు తొట్టి దగ్గర కలిసినప్పుడు ఒకదాని గంటల్లోని చుక్కలు రెండోదానిలోకి పోతాయి. నెల తిరిగేసరికి ఆ ముక్క బీడు అంతటా పాకింది.

"చుక్క ఎవురు పెట్టినారో గంట చెప్పదు. నేనే వద్దన్న్యా" అంది. "తీగ ఊడిందంటే కాపరిదా తప్పు? పేరుంటే ఎవురూ పెట్టరు."

"ఇప్పుడు ఎన్ని చుక్కలున్నాయో తెలుసా అవ్వా?"

"నాకు కండ్లు ఆనవు. ఎన్ని?"

"ముప్పై ఒకటి."

చాలాసేపు కాయలు ఏరింది. "అన్ని చోట్ల చచ్చినాయా పాపా?" అంది.

రోజు 5

గొర్రెలు తొట్టి దగ్గర బారులు తీరుతున్నాయి. ఈ రోజు రెండు మందలకు వంతు రాలేదు.

ఖాదర్ సారు ఫోను చేశారు. పటంలో సగానికి పైగా ఎర్రగా ఉందని కమిటీ చూసిందట. "తొట్టి ఎండితే మందలు దింపేద్దామంటున్నారు సుంకమ్మా. కింద షెడ్లు ఖాళీగా ఉన్నాయి. లారీలు చెప్పి ఉంచాం. అపాయం ఉన్న బీడులో ఎన్నాళ్ళుంచుతాం?"

"షెడ్డులో కాపరికి ఏం పని ఉంటుంది సార్?"

"మేత యంత్రం వేస్తుంది. వాళ్ళకు వేరే ఏదైనా చూద్దాం" అన్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు. ఏదైనా అంటే ఏమిటో ఆయనకూ తెలియదు.

రోజు 6

ఓబన్న మంద. ఈయన మాటకారి. తన పొట్టేలుకు సంఘం అధ్యక్షుడి పేరు పెట్టాడు. సర్వే అంటే ముందు నన్నే సర్వే చేశాడు. ఏ ఊరు, ఎంత చదివావు, మీ నాయన గొర్రెలు ఎందుకమ్మాడు. అన్నీ చెప్పాకే ఫారం ముట్టాడు.

ఎనిమిదో ప్రశ్న దగ్గర ఆగాడు. ఆ ప్రశ్న ఇది: అపాయ స్థలం గుర్తు ఎప్పుడైనా పెట్టారా, ఎందుకు?

"మొదట్ల చదివితివే, పేరు చెప్పరని. ఇంగోసారి చదువు."

చదివాను.

"యాభై రెండో వరస కాడ చుక్క నాదేక్కా. ఆడ తీగా లేదు, పామూ లేదు. చెలమ ఉండాది." వంకలో, అంటే ఎండిన వాగులో, ఇసుక తోడితే ఊరే నీటి గుంటను చెలమ అంటాం. "మంచి ఊట. అందరూ వస్తే తొక్కి బురద చేస్తారని చుక్క పెట్న్యా. నా గంటల్లో మాత్రం తీసేసుకున్న్యా."

"మరి నీ గొర్రెలు తొట్టి దగ్గర ఎందుకు నిలబడి ఉన్నాయి?"

తల గోక్కున్నాడు. "అదే గదక్కా. పోయినేడు వరకూ పోయేటోన్ని. ఇప్పుడు నలభై తొమ్మిదో వరసలో ఒకటి, యాభై నాలుగులో ఇంగోటి చుక్కలొచ్చినాయి. అవి దాటల్ల. నా గొర్రెలు దాటవు. దాటించేకి నాకూ భయం. నా నీళ్ళకి నేనే పోలేకపోతాండా."

నవ్వాడు. నేనూ నవ్వాను. తరువాత గొంతు తగ్గించి చెప్పాడు. "ఎవురికీ చెప్పొద్దక్కా. మిగతావన్నీ నిజమైనవే. వాళ్ళ ముందర దొంగోణ్ణి అయిపోతా."

రోజు 8

నలభై తొమ్మిదో వరసలోని చుక్క పెట్టినామె దొరికింది. అక్కడ తీగ లేదు. పలకల నీడలో మోకాలెత్తు గడ్డి ఉందట. ఎవరికీ చెప్పొద్దంది. మిగతావన్నీ నిజమైనవే కదా అంది.

నేను ఫారం మీద రాసుకుంటూ తల ఎత్తలేదు.

రోజు 11

ఇరవై ఐదు మందలు పూర్తయ్యాయి. తిమ్మక్కది తప్ప నేను విన్న చుక్కలు ఇరవై రెండు. అన్నీ చెలమలో, గడ్డో, నీడ చోట్లో. అందరిదీ ఒకటే మాట. నాది ఒక్కటే అబద్ధం, మిగతావి నిజం. కాదని నేను ఎవరికీ చెప్పలేదు. మొదటి వాక్యం నేనే చదివాను.

అరికాళ్ళు బొబ్బలెక్కాయి. వేపాకు నూరి కట్టుకున్నాను.

రోజు 12

నాకు చెప్పింది నిజమేనా అన్న అనుమానం వచ్చింది. ఓబన్న చుక్క దగ్గరికి నేనే నడిచి వెళ్ళాను. దారిలో రెండు చుక్కలు దాటాలి. రెండూ అబద్ధమని వాటిని పెట్టినవాళ్ళే చెప్పారు. అయినా దాటేటప్పుడు తీగల వైపు చూస్తూ, పొడి నేల మీదే అడుగు వేస్తూ నడిచాను. సంచిలోని నమూనా గంట కీచుమంటూనే ఉంది.

వంకలో చెలమ ఉంది. గట్టున తుమ్మకంప కప్పి ఉంది. కంప తీసి చూస్తే మోచేతి లోతు నీళ్ళు, పైన ఆకులు. చాన్నాళ్ళుగా ఎవరూ ముట్టలేదు. దోసిలితో తాగాను. మళ్ళీ కంప కప్పి వచ్చాను.

తొట్టి దగ్గరికి తిరిగి వచ్చేసరికి రెండు గొర్రెపిల్లలు పడిపోయి ఉన్నాయి. ఓబన్న ఒకదాన్ని భుజాన వేసుకుని కూర్చున్నాడు. ఈ రోజు పొట్టేలు పేరుతో ఎవరూ వేళాకోళం చేయలేదు.

రోజు 14

మాళప్ప మామ మంద. మా నాయనకు దూరపు చుట్టం. కుడి మోకాలు వాచి ఉంది. ముందు పొట్టేలు గంటకు ఫోనులోంచే దారి చెప్పి, తాను వెనక నెమ్మదిగా నడుస్తాడు.

"ఎనబై ఒకటో వరసది నాది కోడలా" అన్నాడు. నేను అడగకముందే చెప్పాడు.

"అక్కడేముంది మామా?"

"తీగ. ఎలుకలు కొరికినాయి. రాగి కనపడతాండాది."

పెన్సిలు ఆగింది. "నిజంగానా?"

ఆయనకు కోపం వచ్చింది. "అబద్ధమెందుకు పెడ్తారు ఎవురైనా? పలకల కంపెనీకి మూడు తూర్లు చెప్పినా. నమోదైంది అంటారు. నమోదైతే తీగ అతుక్కుంటాదా? చచ్చేదాకా చూడకుండా చుక్క పెట్న్యా."

అప్పటికి నాకు తెలిసిన నిజమైన చుక్కలు రెండయ్యాయి.

రోజు 15

ముప్పై నాలుగూ పూర్తి. లెక్క: చుక్కలు ముప్పై ఒకటి. అబద్ధాలు ఇరవై తొమ్మిది. నిజాలు రెండు.

తొట్టి అడుగు కనిపిస్తోంది. లారీలు ఇరవై ఐదో రోజుకు ఖాయం అన్నారు ఖాదర్ సారు.

ఇరవై తొమ్మిది అబద్ధాలని కమిటీకి చెప్పవచ్చు. మందలు బీడులోనే ఉంటాయి. కానీ ఆ మాట సాయంత్రానికి బీడుకు చేరుతుంది. చుక్కలన్నీ దొంగవేనని తెలిస్తే తిమ్మక్క చుక్కనూ తొక్కుతారు. ఏవి అబద్ధమో విడదీసి చెబితే, ఎవరిది ఏదో ముప్పై నాలుగు మందల వాళ్ళు ఒక పూటలో పోల్చుకుంటారు. నేను చదివిన వాక్యం అబద్ధమవుతుంది. ఇంకోసారి సర్వేకు ఎవరు వచ్చినా ఎవరూ నోరు విప్పరు.

ఈ రోజు వంట చేసుకోలేదు.

రోజు 16

దారి దొరికింది. గొర్రె చనిపోతే మెడలో గంట వెచ్చదనం తెలియక ఆగిపోతుంది. ఎక్కడ ఆగిందో మిగతా గంటలకు గుర్తుంటుంది. తిమ్మక్క చుక్క దగ్గర పందొమ్మిది గంటలు ఆగాయి. అబద్ధపు చుక్కల దగ్గర ఒక్కటీ ఆగలేదు.

కొత్త కూర్పులో ఒక్క వాక్యం చేరిస్తే చాలు: గంట ఆగిన చోటే చుక్క నిలుస్తుంది. ఎవరినీ పేరు పెట్టి చెప్పనక్కర్లేదు. ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు. అబద్ధాలు వాటంతటవే పోతాయి.

ఖాదర్ సారుకు రాశాను. సాయంత్రానికల్లా జవాబు: "బాగుంది. చేర్చేశాం. ఆ రోజు చుక్కలు తగ్గితే లారీలు ఆపిస్తాను."

రాగిముద్ద రెండు తిన్నాను.

రోజు 19

ఫారాలు వరసలో పెడుతుంటే మాళప్ప మామ ఫారం చేతికొచ్చింది. ఎనభై ఒకటో వరస. రాగి కనపడుతోంది. గొర్రెలు ఏవీ చనిపోలేదు.

గంట ఏదీ ఆగలేదు.

రెండు నిజాలని నేనే రాసుకున్నాను. వాక్యం రాసేటప్పుడు తిమ్మక్క గొర్రెలే కళ్ళ ముందు ఉన్నాయి. ఆయన ఫారం సంచిలోనే ఉంది. తీసి చూడలేదు. తప్పు నాది.

ఖాదర్ సారుకు ఫోను చేశాను. "కూర్పు మూసేశాం సుంకమ్మా. పరీక్షలు నడుస్తున్నాయి. ఇప్పుడు ముట్టుకుంటే అన్నీ మొదటికి వస్తాయి. నోటితో చెప్పండి వాళ్ళకు" అన్నారు. కంపెనీకి ఆయన కూడా చెప్పారట. నమోదైందన్నారట.

రోజు 20

పొద్దున్నే మాళప్ప మామ దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. దాచలేదు.

"అంటే నా చుక్క పోతాది."

"పోతుంది మామా."

"యాల? నేను అబద్ధం చెప్పినానా?"

"లేదు. నువ్వు పెట్టేటప్పటికి ఏదీ చావలేదు."

"చచ్చినాక చెప్పల్ల్యా? బాగుంది కోడలా నీ తీర్పు."

ఆయన మోకాలికి ఆముదం రాసుకుంటూ కూర్చున్నాడు. ముప్పై నాలుగు మందలకూ తిరిగి నోటితో చెబుతానన్నాను.

"మనిషికి చెప్తావు. గొర్రెకి ఎట్ల చెప్తావు? ఎనబై ఒకటిలో గడ్డి బాగుంటాది. మొదట ఉరికేది ఆడికే." ఆముదం చేయి తుడుచుకుని అడిగాడు. "గంట ఆగల్ల. అంతేనా? గొర్రె చావల్లని లేదు గదా?"

"గంట మూడు రోజులు చల్లగా కదలకుండా ఉంటే ఆగినట్టే."

లేచాడు. నా సంచిలోని నమూనా గంట తీసి చేతికిచ్చాను. ఇది పెడదాం మామా అన్నాను. తిప్పి చూసి వెనక్కిచ్చాడు.

"ఇది ఏ గొర్రె మెడలోదీ కాదు. దీని మాట మిగతా గంటలు యాల నమ్ముతాయి?"

అది నిజమే. నమూనా గంట ఏ మందలోనూ చేరి ఉండదు.

"చివరి గొర్రెది తియ్యి మామా."

"గంట లేని గొర్రె మందలోంచి తప్పిపోతే ఎట్ల తెలుస్తాది? పొట్టేలైతే నా చేతికిందనే ఉంటాది" అంటూనే మంద ముందుకు పోయి ముందు పొట్టేలును కొమ్ము పట్టి ఆపాడు. మెడపట్టీ విప్పాడు. కొత్త గంట మళ్ళీ ఉన్ని కత్తిరింపుల దాకా రాదు. అంటే ఎనిమిది నెలలు. అప్పటిదాకా ఆ మందకు దారి చెప్పేది లేదు. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు.

"వాచిన మోకాలితో ముందు నడుస్తావా?" అన్నాను.

"మా నాయన నడవలేదా? నువ్వు ఈడనే ఉండు. పొట్టేలును పట్టుకో."

ఎనభై ఒకటో వరస వైపు ఒక్కడే పోయాడు. తీగకు దూరంగా, ఒక పలక కాలు పక్కన రాయి మీద గంట పెట్టి వచ్చాడు. పొట్టేలు నా చేతుల్లో గింజుకుంటూనే ఉంది.

రోజు 23

గంట ఆగింది. చూసుకున్నాను.

రోజు 24

పొద్దున ఎనిమిదింటికి కూర్పు వచ్చింది. నా ఫోనులో ఎర్ర చుక్కలు ఒక్కొక్కటే పోయాయి. రెండు మిగిలాయి. నలభయ్యో వరస, ఎనభై ఒకటో వరస.

తొట్టి చుట్టూ నిలబడ్డ గొర్రెలు ముందు కదలలేదు. తరువాత ఒక మంద పడమటికి ఉరికింది. ఇంకొకటి వంకకు దిగింది. కాపరులు కర్రలు పట్టుకుని ఎవరి చోట వాళ్ళు నిలబడిపోయారు. ఒకరి మొహం ఒకరు చూడలేదు.

మధ్యాహ్నం ఓబన్న వచ్చాడు.

"అక్కా, నా చెలమ కాడికి ఎవురిదో మంద వచ్చింది."

"నీ మంద ఎక్కడుంది?"

"వంక మలుపు కాడ. ఇంగో చెలమలో తాగుతాండాది" అన్నాడు. "ఆడ చుక్క ఉండె గదా? నేను మూడేండ్లు భయపడితి." మెల్లగా కూర్చున్నాడు. "ఎన్ని దొంగవో నీకు తెలుసు. తెలిసీ చెప్పలేదు నువ్వు."

"మొదట్లో చదివాను కదా ఓబన్నా."

"చదివితివిలే."

సాయంత్రం వంకలో చూశాను. తాగిన మందల వాళ్ళు చెలమల మీద కంప కప్పి పోయారు, మళ్ళీ ఊరడానికి. ఎవరూ చెప్పకుండానే.

తిమ్మక్క అడిగింది, ఎన్ని మిగిలాయని. రెండు అన్నాను. "రెండోది ఎవురిది? ఎవురైనా పోయినారా?" అంది. ఎవరూ పోలేదవ్వా, గంట పోయింది అన్నాను. ఎవరిదో చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. దూరంగా ఒక మంద ముందు మనిషి కుంటుతూ నడుస్తున్నాడు. నోటితో హుర్ర్ అంటున్నాడు. ఆ పిలుపు గొర్రెలకు తెలియదు. పక్కలకు చెదురుతున్నాయి. పొద్దు వాలేసరికి పొట్టేలు ఆయన వెనక నడిచింది.

లారీలు ఆపేశామని ఖాదర్ సారు చెప్పారు.

రోజు 29

ఫారాలు కట్ట కట్టాను. రేపు జీపు వస్తుంది.

పొద్దున పటంలో మూడో చుక్క కనిపించింది. అరవై ఆరో వరస. నిన్నటివరకు లేదు. అక్కడ గొర్రె పోయినట్టు ఎవరూ చెప్పలేదు. అంటే ఎవరో గంట తీసి పెట్టారు. అరవై ఆరులో గడ్డి మంచిదని విన్నాను.

అటే బయల్దేరాను. దారిలో ఓబన్న ఎదురయ్యాడు. మంద ముందు నడుస్తున్నాడు. అధ్యక్షుడి పేరున్న పొట్టేలు మెడ బోసిగా ఉంది. ఓబన్న గొంతు అప్పటికే బొంగురుపోయింది.

"అది తీగేనా ఓబన్నా, లేక చెలమా?" అన్నాను.

వేళాకోళం చేస్తాడనుకున్నాను. చేయలేదు. పొట్టేలు కొమ్ము పట్టుకుని నిలబడ్డాడు.

"పొయ్యి చూసుకో" అన్నాడు.

అరవై ఆరో వరస అక్కడికి కనిపిస్తూనే ఉంది. కాసేపు చూశాను. మిగిలిన ఒక ఫారంలో ఎనిమిదో ప్రశ్న కింద ఆయన పేరు లేకుండా 'ఒక గంట, ఎనిమిది నెలలు' అని రాసుకుని, చూడకుండానే వెనక్కి తిరిగి వచ్చాను.